యూనిట్ – 9: వెంపలి – మెట్ట నేలల్లో నత్రజనిని స్థాపించే బహువార్షిక మొక్క పెంపకం, సంరక్షణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 అనంతపురం పీఠభూమి: వాన, నేల, పంట
9.3 వెంపలి మొక్కను గుర్తించడం
9.4 వేరు బుడిపెల్లో జరిగే పని
9.5 విత్తన సేకరణ, విత్తన శుద్ధి
9.6 నాటడం, మొదటి సంవత్సరపు సంరక్షణ
9.7 కోత, వినియోగం
9.8 జాగ్రత్తలు, పరిమితులు
9.9 ప్రపంచంలో ఇలాంటి మరో అనుభవం
9.10 సారాంశం
9.11 కీలక పదాలు
9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• అనంతపురం పీఠభూమిలోని ఎర్ర నేలలు ఎందుకు నిస్సారమవుతున్నాయో వివరించగలుగుతారు.
• వెంపలి మొక్కను పొలం గట్టు మీద చూసి, ఇతర మొక్కల నుంచి వేరుగా గుర్తించగలుగుతారు.
• వేరు బుడిపెల్లో నత్రజని స్థాపన ఎలా జరుగుతుందో చెప్పగలుగుతారు.
• గట్టి పెంకు ఉన్న విత్తనాలను మొలకెత్తించే పద్ధతులను ఆచరించగలుగుతారు.
• వెంపలిని నాటి, కాపాడి, కోసి, పచ్చిరొట్ట ఎరువుగా వాడటంలోని మెలకువలను, పరిమితులను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి ఏకవార్షిక పచ్చిరొట్ట పైర్ల గురించి తెలుసుకున్నాం. వాటిని ప్రతి ఏటా విత్తాలి. అవి ఏపుగా పెరగాలంటే కనీసం ఆరు వారాలపాటు నేలలో తగినంత తేమ ఉండాలి. డెల్టా ప్రాంతపు రైతుకు ఇది పెద్ద సమస్య కాదు. కానీ పుట్టపర్తి, చెన్నేకొత్తపల్లి, ధర్మవరం ప్రాంతాల్లో మెట్ట రైతుకు కురిసే నాలుగు పదునులూ ప్రధాన పంటకే చాలవు. పచ్చిరొట్ట కోసం ఒక పదును ఖర్చు పెట్టమంటే అతడు ఒప్పుకోడు. అతడి లెక్కలో న్యాయం ఉంది.

ఈ పరిస్థితిలో మరో దారి ఉంది. ఒకసారి నాటితే కొన్నేళ్లు నిలిచేది, ఎండాకాలంలో పైభాగం వాడినా వేరు బతికి ఉండేది, పశువులు అంతగా ముట్టనిది, ఈ నేలలోనే పుట్టి పెరిగినది అయిన మొక్కను గట్ల మీద, బీడుల్లో పెంచడం. అటువంటి మొక్కల్లో వెంపలి ఒకటి. మనలో చాలామంది దాన్ని బాట పక్కన రోజూ చూస్తూనే ఉంటాం. కలుపు మొక్క అనుకొని పీకేస్తుంటాం కూడా. ఈ యూనిట్‌లో ఆ మొక్క పెంపకం, సంరక్షణ గురించి తెలుసుకుందాం.

9.2 అనంతపురం పీఠభూమి: వాన, నేల, పంట

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వెనుక వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. తూర్పు తీరానికి దూరంగా ఉండటం వల్ల ఈశాన్య రుతుపవనాల వాన కూడా పూర్తిగా అందదు. ఈ ప్రాంతపు రైతులు మొదటి దాన్ని ముంగారు అని, రెండో దాన్ని హింగారు అని పిలుస్తారు. మొత్తం వాన ఎంత కురిసిందనేదాని కంటే, రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందనేదే ఇక్కడ పంట భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ పట్టణం చిత్రావతి నది ఒడ్డున ఉంది. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం ప్రాంతంలో పుట్టి, పెన్నలో కలిసే ఈ నదిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, వాటి పాదాల వద్ద లోతు తక్కువ ఉన్న గరుసు ఎర్ర నేలలు. ఈ నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, నత్రజని తక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. వాన వెలిసి ఎండ కాయగానే పైపొర గట్టిపడుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఈ నేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఉలవ వంటి మిశ్రమ పైర్ల స్థానాన్ని వేరుసెనగ క్రమంగా ఆక్రమించింది. ఇక్కడ విద్యార్థికి ఒక సందేహం రావాలి. వేరుసెనగ కూడా నత్రజనిని స్థాపించే మొక్కే కదా, దాన్ని ఏటా వేస్తుంటే నేల సారవంతం కావాలి గాని నిస్సారం ఎందుకు అవుతుంది?

జవాబు పంట తీసే పద్ధతిలోనే ఉంది. వేరుసెనగను కోయరు, పీకుతారు. కాయతోపాటు వేరు, వేరుతోపాటు చాలా బుడిపెలు నేలలోంచి బయటికి వస్తాయి. కాయ మార్కెట్‌కు పోతుంది. కట్టె పశువుల మేతగా వామికి చేరుతుంది. మొక్క గాలిలోంచి తెచ్చుకున్న నత్రజనిలో అధిక భాగం ఈ విధంగా చేను దాటిపోతుంది. పశువుల పేడ తిరిగి చేనుకు చేరితే కొంత నష్టం పూడుతుంది. పశువుల సంఖ్య తగ్గిన ఇళ్లలో అదీ జరగడం లేదు. పైగా పంట తీసిన తరవాత దాదాపు ఏడు నెలలు చేను నగ్నంగా పడి ఉంటుంది. వేసవి గాలికి, తొలకరి జల్లుకు పైమట్టి కొట్టుకుపోతుంది. జిల్లా పశ్చిమ భాగంలో వేదవతి (హగరి) నది వెంబడి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక మేటలు పొలాల్లోకి జరిగి రావడం ఈ ప్రక్రియకు తీవ్రమైన రూపం.

కాబట్టి ఈ ప్రాంతానికి కావలసింది నత్రజనిని తెచ్చే మొక్క మాత్రమే కాదు. తెచ్చినదాన్ని నేలలోనే వదిలే మొక్క, పంట లేని నెలల్లో కూడా నేలను వేళ్లతో పట్టుకుని ఉండే మొక్క.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబును విడి కాగితంపై రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1. వేరుసెనగ నత్రజనిని స్థాపించే పైరు అయినప్పటికీ, దాన్ని ఏటా వేసిన చేలు ఎందుకు నిస్సారమవుతాయి?

9.3 వెంపలి మొక్కను గుర్తించడం

వెంపలి శాస్త్రీయ నామం టెఫ్రోసియా పర్పూరియా. ఇది చిక్కుడు కుటుంబమైన ఫాబేసికి చెందినది. సంస్కృతంలో దీని పేరు శరపుంఖ. తమిళంలో కొళింజి అంటారు. భారతదేశంలోని పొడి ప్రాంతాలన్నిటా బీడుల్లో, బాటల వెంట, గట్ల మీద సహజంగా పెరుగుతుంది.

గుర్తింపు లక్షణాలు:

కాండం: నిటారుగా గాని, పక్కలకు పరుచుకుని గాని పెరుగుతుంది. సాధారణంగా మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు ఉంటుంది. మొదలు దగ్గర కట్టెలా గట్టిపడుతుంది.

ఆకులు: విషమ పిచ్ఛాకార సంయుక్త పత్రాలు. అంటే ఈనెకు రెండు వైపులా జతలుగా చిట్టి ఆకులు ఉండి, చివర ఒంటి ఆకు ఉంటుంది.

పూలు: ఊదా లేదా గులాబీ రంగులో, చిక్కుడు పువ్వు ఆకారంలో గెలలుగా పూస్తాయి.

కాయలు: బల్లపరుపుగా, కొద్దిగా వంపు తిరిగి, 3 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. పండి ఎండగానే పగిలి, మెలితిరిగి, గింజలను దూరంగా చిమ్ముతాయి.

వేరు: తల్లివేరు గట్టిగా, లోతుగా దిగుతుంది. రాళ్ల సందుల్లోకి కూడా చొచ్చుకుపోతుంది.

కచ్చితమైన గుర్తింపుకు ఒక సులువైన పరీక్ష ఉంది. ఒక చిట్టి ఆకును తీసుకుని, దాని మొదలు ఒక చేత్తో, కొన మరో చేత్తో పట్టుకుని లాగండి. ఆకు అడ్డంగా తెగదు. పక్క ఈనెల వాలును అనుసరించి బాణపు మొన ఆకారంలో చీలుతుంది. శరం అంటే బాణం, పుంఖం అంటే బాణం వెనుక ఈకలు కట్టే భాగం. సంస్కృత నామం ఈ లక్షణం నుంచే వచ్చింది. ఆకారంలో కొంత దగ్గరగా కనిపించే నీలి జాతి మొక్కల నుంచి దీన్ని వేరు చేయడానికి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

9.4 వేరు బుడిపెల్లో జరిగే పని

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ బంధాలను తెంపితే తప్ప అది మొక్కకు ఉపయోగపడదు. యూరియా తయారీకి మూలమైన అమ్మోనియాను కర్మాగారంలో తయారు చేయడానికి 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన పీడనం కావాలి. అదే పనిని వేరు బుడిపెలోని బాక్టీరియా మామూలు ఉష్ణోగ్రతలో చేస్తుంది.

చిక్కుడు జాతి మొక్కలు బుడిపెల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటాయని జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886లో తెలిపారు. బుడిపెల్లోని బాక్టీరియాను 1888లో డచ్చి శాస్త్రవేత్త బైజెరింక్ వేరుచేశాడు. ఆ బాక్టీరియాను మనం సాధారణంగా రైజోబియం అని పిలుస్తాం.

ఈ ప్రక్రియ నాలుగు దశల్లో జరుగుతుంది.

1. మొక్క వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. వాటికి స్పందించి రైజోబియం వేరు దగ్గరికి చేరుతుంది.
2. వేరు రోమం వంకర తిరిగి బాక్టీరియాను చుట్టుకుంటుంది. ఒక సన్నని గొట్టం వంటి మార్గం ద్వారా బాక్టీరియా లోపలికి పోతుంది.
3. అక్కడ వేరు కణాలు విభజన చెంది బుడిపె ఏర్పడుతుంది.
4. బాక్టీరియాలోని నైట్రోజినేజ్ అనే ఎంజైము నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఈ ఎంజైములో ఇనుము, మాలిబ్డినం ఉంటాయి.

ఈ పని ఉచితంగా జరగదు. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువుల శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తికి కావలసిన చక్కెరను మొక్క ఆకుల నుంచి పంపుతుంది. అందుకే నేలలో యూరియా ఎక్కువగా ఉంటే మొక్క బుడిపెలను పెంచుకోదు. చేతికందే నత్రజని ఉండగా చక్కెర ఖర్చు చేసి తయారు చేయించుకోవలసిన అవసరం దానికి లేదు. ఈ సూత్రాన్ని 9.6లో మళ్లీ ప్రస్తావిస్తాం.

నైట్రోజినేజ్ ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందువల్ల బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని వర్ణకం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తుంది. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే అది పనిచేస్తోందని అర్థం. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదని గాని, ఆ బాక్టీరియా సమర్థమైనది కాదని గాని భావించాలి. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే దాని పని అయిపోయింది.

కృత్యం – 1

వానలు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత మీ ఊరి బీడులో ఒక లేత వెంపలి మొక్కను ఎంచుకోండి. దాన్ని పీకకండి, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ జానెడు దూరంలో పారతో తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టి, మట్టిని మెల్లగా కడగండి. బుడిపెలను లెక్కించి, పదింటిని చీల్చి, లోపలి రంగులను పట్టికగా రాయండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
2. బుడిపె లోపలి గులాబీ రంగుకు కారణమైన పదార్థం ఏది? దాని పని ఏమిటి?

9.5 విత్తన సేకరణ, విత్తన శుద్ధి

9.5.1 సేకరణ

వానాకాలం చివరి నుంచి చలికాలం వరకు వెంపలి కాయలు దశలవారీగా పండుతాయి. కాయ ఆకుపచ్చ రంగు నుంచి లేత గోధుమ రంగుకు మారినప్పుడు, పగలక ముందే కోయాలి. మంచు తడి ఉన్న ఉదయం వేళ కోస్తే కాయలు చేతిలో పగలవు. వాటిని గోనెపట్టా మీద పరిచి, పైన పలుచని గుడ్డ కప్పి ఆరబెట్టాలి. గుడ్డ కప్పకపోతే కాయలు పగిలి గింజలు వాకిలంతా చెదిరిపోతాయి. ఒకే మొక్క నుంచి కాకుండా కనీసం ఇరవై ముప్పై మొక్కల నుంచి, ఒక్కో మొక్కపై సగానికి మించకుండా కోయడం మంచిది. అప్పుడు విత్తనంలో వైవిధ్యం ఉంటుంది, బీడులో మొక్క సంతతి కూడా నిలుస్తుంది.

9.5.2 గట్టి పెంకు – దాని ప్రయోజనం

ఇలా సేకరించిన గింజలను నేరుగా విత్తితే కొద్ది మాత్రమే మొలుస్తాయి. గింజ చెడిపోయిందని రైతు అనుకుంటాడు. కారణం అది కాదు. గింజ పెంకు నీటిని లోపలికి పోనివ్వదు. ఈ స్థితిని విత్తన సుప్తావస్థలో ఒక రకంగా చెబుతారు.

కరవు నేలలో ఈ పెంకు మొక్కకు రక్ష. జూన్ మొదట్లో ఒక జల్లు కురిసి తరవాత నెల రోజులు వాన మొహం చాటేయడం ఇక్కడ సాధారణమే. గింజలన్నీ ఆ తొలి జల్లుకే మొలిస్తే అన్నీ ఎండిపోయి సంతతి అక్కడితో అంతమవుతుంది. పెంకు గట్టిదనం గింజ గింజకూ తేడాగా ఉండటం వల్ల కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని వచ్చే ఏడు, మరికొన్ని ఆపై ఏడు మొలుస్తాయి. తొలకరికే ఉన్న విత్తనమంతా చేలో పోసి, వాన ఎగ్గొడితే మళ్లీ విత్తనం కొనడానికి అప్పు వెతుక్కునే రైతుకు ఈ పద్ధతి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

9.5.3 శుద్ధి పద్ధతులు

ఇసుక రాపిడి: గింజలకు సమానంగా గరుకు ఇసుక కలిపి, గోనె సంచి మీద పోసి అరచేతితోగాని, చెక్కతోగాని గింజ మెరుపు తగ్గేవరకు రుద్దాలి. రోట్లో వేసి తేలిగ్గా దంచవచ్చు, గింజ పగలకూడదు.

వేడినీటి పద్ధతి: నీళ్లు మరిగించి పొయ్యి మీది నుంచి దించి, గుడ్డలో మూటగట్టిన గింజలను అందులో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీళ్లలోకి మార్చాలి. రాత్రంతా నాననివ్వాలి. ఉబ్బిన గింజలు విత్తడానికి సిద్ధం. ఉబ్బని వాటికి మళ్లీ ఇసుక రాపిడి చేయాలి.

నానబెట్టిన గింజను తడి ఉన్న నేలలోనే విత్తాలి. వానకు ముందే పొడి నేలలో విత్తదలిస్తే ఇసుక రాపిడి మాత్రమే చేసి, నానబెట్టకుండా విత్తాలి.

ఒక సలహా: మొత్తం విత్తనాన్నీ శుద్ధి చేయవద్దు. మూడింట రెండు వంతులు శుద్ధి చేసి, ఒక వంతు అలాగే కలిపి విత్తండి. వాన మోసం చేస్తే ఆ ఒక వంతు నేలలో భద్రంగా ఉండి, తరవాతి సంవత్సరాల్లో మొలుస్తుంది.

కృత్యం – 2

వంద గింజలను రెండు భాగాలు చేయండి. యాభైని ఇసుకతో రుద్ది, యాభైని అలాగే వదిలి, రెండింటినీ వేరువేరు తడి గోనె ముక్కల్లో చుట్టి, నీడలో ఉంచండి. పది రోజులపాటు రోజూ మొలకల సంఖ్య రాసుకోండి. రెండు భాగాల మొలక శాతాన్ని పోల్చి, తేడాకు కారణం రాయండి.

9.5.4 రైజోబియం పట్టించడం

వెంపలి సాధారణంగా అలసంద వర్గపు రైజోబియంతో సహజీవనం చేయగలదు. వేరుసెనగ, అలసంద, పెసర పండిన నేలల్లో ఈ బాక్టీరియా సాధారణంగా ఉంటుంది. మరీ కొట్టుకుపోయిన నేలలో నాటేటప్పుడు మాత్రం విత్తనానికి పట్టించడం మంచిది. చల్లారిన బెల్లం పాకంలోగాని, గంజిలోగాని కల్చర్ పొడి కలిపి, గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. కల్చర్ దొరకనప్పుడు ఏపుగా పెరిగిన వెంపలి మొక్క కింది వేరుమట్టిని గుప్పెడు తెచ్చి విత్తనంతో కలపవచ్చు. వేడినీటి శుద్ధి పూర్తయి, గింజ చల్లారిన తరవాతే ఈ పని చేయాలి. వేడికి బాక్టీరియా చనిపోతుంది.

9.6 నాటడం, మొదటి సంవత్సరపు సంరక్షణ

స్థలం: చేను గట్లు, వాలుకు అడ్డంగా వేసిన మట్టికట్టలు, మామిడి, చీనీ తోటల్లో చెట్ల వరసల మధ్య ఖాళీ, సాగులో లేని బీడు. నీరు నిలిచే పల్లం పనికిరాదు.

కాలం: మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఒక మంచి పదును పడినప్పుడు. ముంగారు తప్పితే, చాలాచోట్ల సెప్టెంబరులో పడే వానకు కూడా విత్తవచ్చు. అయితే హింగారులో మొలిచిన మొక్కకు వేసవిలోగా వేరు దింపుకునే వ్యవధి తక్కువ ఉంటుంది.

విత్తే విధానం: గట్టు మీద రెండు వరసల్లో, అడుగు దూరానికి ఒక చోట, ఒక్కో చోట మూడు నాలుగు గింజలు, వేలి గోరు లోతున వేయాలి. లోతు ఎక్కువైతే మొలక పైకి రాలేదు. వంద మీటర్ల గట్టుకు ఈ లెక్కన సుమారు 2,000 నుంచి 2,600 గింజలు కావాలి. బీడంతా చల్లదలిస్తే ఎకరాకు 6 నుంచి 8 కిలోలు అవసరం.

మొదటి రెండు నెలలు: వెంపలి పైకి నిదానంగా పెరుగుతుంది. ఈ దశలో మొక్క తన ఆహారాన్ని ముందుగా వేరుకు పంపుతుంది. రెండు నెలలైనా జానెడు దాటలేదని చాలామంది వదిలేస్తారు. ఇక్కడే ఓపిక కావాలి. మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి చుట్టూ కలుపు తీయాలి. కలుపు తీసేవారికి వెంపలి మొలకను ముందే చూపించాలి, లేకపోతే అదీ కలుపుతో పోతుంది.

ఎరువు: యూరియా వేయకూడదు. కారణం 9.4లో చెప్పుకున్నాం. చివికిన పశువుల ఎరువు కొద్దిగా వేయవచ్చు. భాస్వరం బుడిపెల ఏర్పాటుకు తోడ్పడుతుంది.

నీరు: మొలిచిన తరవాత మూడు వారాలకు మించి వాన ఎడం వస్తే, వీలైన చోట ఒకసారి కుండతో తడపడం మంచిది. అంతకు మించి అవసరం లేదు.

రక్షణ: పాల ఆవులు, ఎద్దులు వెంపలిని ఇష్టపడవు. అయితే మేత కరువైన రోజుల్లో మేకలు, గొర్రెలు లేత చిగుళ్లను కొరకవచ్చు. వేసవిలో గట్ల మీద ఎండుగడ్డికి నిప్పుపెట్టే అలవాటు ఈ మొక్కకు పెద్ద శత్రువు.

ఈ సందర్భంలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనుభవాన్ని గమనించాలి. అక్కడ బీడువారిన భూముల్లోను, ఆ తరవాత ముష్టికోవెల ప్రాంతపు కల్పవల్లి కొండల్లోను గ్రామస్థులతో కలిసి చేసిన పనిలో నాటడం ఎంత ముఖ్యమో, మంటల నుంచి, విచక్షణ లేని నరకడం నుంచి కాపాడటం అంత ముఖ్యమైంది. నేలలో అప్పటికే ఉన్న వేళ్లు, గింజలు అవకాశం దొరకగానే తిరిగి చిగురించాయి. వెంపలి విషయంలోనూ, అది ఇప్పటికే ఉన్న చోట కాపాడుకోవడం కొత్తగా విత్తడం కంటే సులువు.

9.7 కోత, వినియోగం

మొదటి సంవత్సరం కోయకూడదు. రెండో సంవత్సరం నుంచి పూత మొదలయ్యే దశలో, నేలకు జానెడు ఎత్తున, కొడవలితో కోయాలి. కొన్ని ఆకులైనా మొదట్లో మిగలాలి. హింగారులో వచ్చే చిగురును విత్తనానికి వదలాలి. వేసవిలో కోత పనికిరాదు. పీకడం ఎప్పుడూ పనికిరాదు. పీకిన మొక్క మళ్లీ రాదు.

కోసిన రొట్టను వరి మడిలో తొక్కి కలపవచ్చు. తమిళనాడులో ఒకే పంట పండే వరి మడుల్లో దీన్ని వేసవి బీడులో పెంచి, దుక్కిలో కలిపే పద్ధతి ఉంది. మెట్ట చేనులో మాత్రం ఇది అంత అనువు కాదు. రొట్ట చివకడానికి తేమ కావాలి. తేమ చాలనప్పుడు దున్ని కలిపితే అది ఎండి అలాగే ఉండిపోతుంది, ఉన్న తడి కూడా ఆరిపోతుంది. అందుచేత మెట్టలో రొట్టను సాళ్ల మధ్య, చెట్ల పాదుల్లో కప్పుగా పరచడం మేలు. ఎండ నేరుగా నేలకు తగలదు, వాన చినుకు పైపొరను గట్టిపరచదు, ఆకు మెల్లగా చివికి నేలలో కలుస్తుంది.

దీని వల్ల ఎంత నత్రజని వస్తుంది? ఒక లెక్క చూద్దాం. బీడులో వత్తుగా పెరిగిన వెంపలి హెక్టారుకు 4 టన్నుల పచ్చిరొట్ట ఇచ్చిందనుకుందాం. అందులో నాలుగో వంతు పొడి పదార్థం, అంటే 1,000 కిలోలు. అందులో నత్రజని 3 శాతం అనుకుంటే 30 కిలోలు. ఎకరాకు 12 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఇది సుమారు 26 కిలోల యూరియాకు, అంటే 45 కిలోల బస్తాలో సగానికి కొంచెం పైమాటకు సమానం.

ఈ లెక్కను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మొదటిది, ఆ 12 కిలోలూ గాలి నుంచి వచ్చినవి కావు. కొంత నేల నుంచి తీసుకున్నదే. రెండోది, అదంతా మొదటి పంటకే అందదు. మూడోది, గట్ల మీద మాత్రమే పెంచితే ఇందులో కొద్ది భాగమే దక్కుతుంది. అయితే లెక్కకు రాని లాభం కూడా ఉంది. రాలిన ఆకు, చివికే వేళ్లు నేలకు చేర్చే సేంద్రియ పదార్థాన్ని యూరియా బస్తా ఇవ్వలేదు. కట్టను కోసుకుపోకుండా పట్టుకునే పని కూడా అది చేయలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
3. మెట్ట చేనులో వెంపలి రొట్టను దున్ని కలపడం కంటే కప్పుగా పరచడం ఎందుకు మేలు?

9.8 జాగ్రత్తలు, పరిమితులు

• వెంపలి పంటకు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. పంట సాళ్లకు కనీసం ఒక మీటరు దూరంలో ఉంచాలి. లేకపోతే తేమ కోసం పంటతో పోటీపడుతుంది.

• దీని వేళ్లలో, ఆకుల్లో చేపలకు హానిచేసే పదార్థాలు ఉంటాయి. కోసిన రొట్టను చెరువులో, కుంటలో పడేయకూడదు. పశువులకు మేతగా ఉద్దేశపూర్వకంగా పెట్టకూడదు.

• ఆయుర్వేదంలో శరపుంఖను ప్లీహ, కాలేయ వ్యాధుల మందుల్లో వాడతారు. ఇది వైద్యుల పరిధిలోని విషయం. సొంత వైద్యానికి దీన్ని వాడవద్దు. వేరు కోసం బీడులోని మొక్కలను పెకలించి అమ్మడం వల్ల వచ్చే ఆదాయం ఒక్కసారిదే, నష్టం శాశ్వతం.

• గట్టు మీద ఏ మొక్క ఉందనేది చేనుకు సంబంధించిన విషయమే. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుసెనగను కాండం కుళ్లు వైరస్ తెగులు పెద్ద ఎత్తున దెబ్బతీసింది. ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చి, పుప్పొడి ద్వారా వ్యాప్తికి తోడ్పడిన వాటిలో వయ్యారిభామ ముఖ్యమైనది. వెంపలి నాటే ముందు గట్టు మీది వయ్యారిభామను పూతకు రాకముందే తీసివేయాలి. వెంపలి మీద పేనుబంక వంటి పురుగులు కనిపిస్తే ఆ కొమ్మలను కోసి తొలగించాలి.

• వెంపలి ఒక్కటే నాటి మరో ఏకపంటను సృష్టించకూడదు. కానుగ, కంది, బోదగడ్డి వంటి వాటితో కలిపి గట్టును తీర్చిదిద్దాలి.

9.9 ప్రపంచంలో ఇలాంటి మరో అనుభవం

ఉత్తర అమెరికా మధ్య భాగంలో ప్రెయిరీ అనే విశాలమైన గడ్డి మైదానాలున్నాయి. అక్కడ కూడా గడ్డితోపాటు నత్రజనిని స్థాపించే బహువార్షిక మొక్కలు సహజంగా పెరుగుతాయి. ‘లెడ్ ప్లాంట్’ అని పిలిచే అమార్ఫా కానెసెన్స్, నీలిరంగు పూల బాప్టీషియా ఆస్ట్రాలిస్ వాటిలో ప్రముఖమైనవి. ఇవి కూడా వెంపలి కుటుంబానికి చెందినవే. వీటి స్వభావం కూడా వెంపలి లాంటిదే: గట్టి పెంకు గింజ, నిదానమైన తొలి పెరుగుదల, లోతైన వేరు, కరవును ఓర్చే శక్తి.

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి పొడి మైదానాలను దున్ని గోధుమ వేశారు. 1930వ దశకంలో వరసగా కరవులు వచ్చినప్పుడు, పట్టి ఉంచే వేళ్లు లేని పైమట్టి ధూళి తుపానులుగా లేచిపోయింది. లక్షలాది మంది ఊళ్లు విడిచి వలసపోయారు. 1935లో అమెరికా ప్రభుత్వం నేల పరిరక్షణకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఇవాళ అక్కడ పాత ప్రెయిరీ మొక్కలను గింజ గింజ ఏరి మళ్లీ నాటుతున్నారు.

రెండు ప్రాంతాల వాతావరణం ఒకటి కాదు, చరిత్ర ఒకటి కాదు. కానీ పాఠం ఒకటే. కరవు వచ్చినప్పుడు నేలను నిలబెట్టేది బహువార్షిక మొక్కల వేళ్లు. వాటిని పోగొట్టుకున్నాక తిరిగి తెచ్చుకోవడం ఎంతో ఖర్చుతో కూడిన పని. మన గట్ల మీద వెంపలి ఇంకా ఉంది. తొలి ఖర్చు గుప్పెడు గింజలు, ఒక ఉదయపు పని మాత్రమే.

9.10 సారాంశం

అనంతపురం పీఠభూమిలోని ఎర్ర నేలలు తక్కువ వాన, ఏకపంట, ఏటా పంటతోపాటు వేరు కూడా తొలగించడం, నెలల తరబడి నగ్నంగా ఉండటం వల్ల నిస్సారమవుతున్నాయి. వెంపలి ఈ నేలలకు సహజమైన, నత్రజనిని స్థాపించే బహువార్షిక మొక్క. ఆకును లాగితే బాణపు మొన ఆకారంలో చీలడం దాని గుర్తు. రైజోబియం సాయంతో బుడిపెల్లో నత్రజని అమ్మోనియాగా మారుతుంది. గింజ పెంకు గట్టిది కాబట్టి ఇసుక రాపిడి లేదా వేడినీటి శుద్ధి చేయాలి. కొంత విత్తనాన్ని శుద్ధి చేయకుండా కలపడం కరవుకు ముందుజాగ్రత్త. మొదటి ఏడాది ఓపికగా కాపాడి, రెండో ఏడాది నుంచి పూత దశలో జానెడు ఎత్తున కోసి, మెట్టలో కప్పుగా వాడాలి. పీకకపోవడం, కాల్చకపోవడం, యూరియా వేయకపోవడం దీని సంరక్షణలో ముఖ్య సూత్రాలు.

9.11 కీలక పదాలు

బహువార్షిక మొక్క: రెండేళ్లకు మించి జీవించే మొక్క.
నత్రజని స్థాపన: గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపంలోకి మార్చడం.
సహజీవనం: రెండు భిన్న జీవులు పరస్పర లాభంతో కలిసి జీవించడం.
సుప్తావస్థ: గింజ సజీవంగా ఉన్నప్పటికీ మొలకెత్తని స్థితి.
పచ్చిరొట్ట ఎరువు: పచ్చి ఆకులు, లేత కొమ్మలను నేలకు ఎరువుగా వాడటం.
పదును: విత్తడానికి, దున్నడానికి సరిపడే తేమ నేలలో ఉన్న స్థితి.

9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. వేరుసెనగను వేరుతో సహా పీకుతారు. కాయ, కట్టె, బుడిపెల్లో చాలా భాగం చేను దాటిపోవడంతో, స్థాపించిన నత్రజని నేలలో మిగలదు. పంట తీసిన తరవాత చేను నగ్నంగా ఉండి పైమట్టి కొట్టుకుపోతుంది.

2. లెగ్‌హీమోగ్లోబిన్. ఇది ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, నైట్రోజినేజ్ ఎంజైము పాడవకుండా కాపాడుతూ, బాక్టీరియాకు అవసరమైన ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా అందిస్తుంది.

3. మెట్టలో రొట్ట చివకడానికి తగినంత తేమ ఉండదు. దున్నితే ఉన్న తేమ కూడా పోతుంది. కప్పుగా పరిస్తే తేమ నిలుస్తుంది, పైమట్టికి రక్షణ దొరుకుతుంది, ఆకు క్రమంగా చివికి నేలలో కలుస్తుంది.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అనంతపురం పీఠభూమి మెట్ట నేలల సమస్యలను వివరించి, వాటి పరిష్కారంలో వెంపలి పాత్రను చర్చించండి.
2. వెంపలి పెంపకంలో విత్తన సేకరణ నుంచి కోత వరకు గల దశలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వెంపలి గుర్తింపు లక్షణాలను రాయండి.
2. గట్టి పెంకు కరవు ప్రాంతపు మొక్కకు ఏ విధంగా రక్షణ ఇస్తుంది?
3. నత్రజనిని స్థాపించే మొక్కకు యూరియా ఎందుకు వేయకూడదు?
4. మీ గ్రామంలో 150 మీటర్ల గట్టుపై రెండు వరసల్లో వెంపలి నాటడానికి ఎన్ని గింజలు కావాలో లెక్కగట్టి, పనుల క్రమాన్ని కార్తెల వారీగా తయారు చేయండి.